మీ ప్రశ్న, నా జవాబు: ఆలస్య న్యూట్రాన్ల లెక్క

యురేనియం ఎంత ఉందో తేల్చడానికి గామా కిరణాలు చూడడం ఒక్కటే దారి కాదని, శాంపిల్‌ని రియాక్టర్‌లో కాసేపు పెట్టి, బయటికి తీసి, అందులోంచి వచ్చే న్యూట్రాన్లను లెక్కపెట్టి ఒక మైక్రోగ్రామును, అంటే గ్రాములో పది లక్షల వంతును కూడా, కొలిచే పద్ధతి ఒకటుందని ఈ శీర్షికలో ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఈసారి ఉత్తరాలన్నీ వచ్చాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా గడిపింది అలాంటి లెక్కింపు గదిలోనే. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నేను ఫిజిక్స్ టీచర్ని. విచ్ఛిత్తి, అంటే కేంద్రకం పగలడం, జరగ్గానే న్యూట్రాన్లు బయటికొస్తాయని పిల్లలకు చెబుతున్నాం. మరి రియాక్టర్ నుంచి తీసేసిన శాంపిల్‌లోంచి తర్వాతెప్పుడో న్యూట్రాన్లు రావడమేమిటి సార్? అంతసేపు అవి ఎక్కడుంటాయి?

మీరు చెబుతున్నది నిజమే, కాకపోతే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నిజం. యురేనియం-235 కేంద్రకం ఒక నెమ్మది న్యూట్రాన్‌ని మింగి పగిలితే సగటున 2.4 న్యూట్రాన్లు వస్తాయి. దాదాపు అన్నీ ఆ క్షణంలోనే వచ్చేస్తాయి. వెనకబడేది 0.65 శాతం మాత్రమే. అంటే వంద విచ్ఛిత్తులకు ఒకటిన్నర న్యూట్రాన్, కాస్త అటూ ఇటూగా. వాన వెలిశాక కూడా చూరు కాసేపు కారినట్టు, ఈ కాస్తా సెకన్ల నుంచి నిమిషాల దాకా వస్తూనే ఉంటుంది. ఆలస్య న్యూట్రాన్లంటే ఇవే.

ఎక్కడుంటాయి అన్న మీ ప్రశ్న చాలా మంచిది. విచ్ఛిత్తి ముక్కల్లో ఒకటైన బ్రోమిన్-87ని తీసుకోండి. అందులో 35 ప్రోటాన్లు, 52 న్యూట్రాన్లు ఉంటాయి. అది బీటా కణాన్ని వదిలి క్రిప్టాన్-87గా మారుతుంది. బ్రోమిన్-87 అర్ధాయువు, అంటే ఉన్నవాటిలో సగం ఇలా మారడానికి పట్టే సమయం, 55.6 సెకన్లు. మారాక క్రిప్టాన్‌లో మిగిలేవి 51 న్యూట్రాన్లు. 50 న్యూట్రాన్లున్న కేంద్రకం చాలా గట్టిది. 51వ దానికి పట్టు తక్కువ. బీటా క్షయంలో క్రిప్టాన్‌కి తగినంత ఉద్రేక శక్తి దక్కితే ఆ 51వ న్యూట్రాన్ ఊడి వచ్చేస్తుంది. వంద బ్రోమిన్-87 కేంద్రకాలు క్షయమైతే రెండు మూడింటి విషయంలోనే ఇలా అవుతుంది. అయోడిన్-137 కథా ఇదే. దాని అర్ధాయువు 24.5 సెకన్లు. అది మారి జినాన్-137 అయితే 83 న్యూట్రాన్లుంటాయి, 82 అనే గట్టి సంఖ్య కంటే ఒకటి ఎక్కువ.

కాబట్టి క్లాసులో ఇలా చెప్పండి: ఆలస్యమయ్యేది బీటా క్షయం. అది జరిగాక న్యూట్రాన్ ఒక్క క్షణం కూడా ఆగదు. అర్ధాయువు బ్రోమిన్‌ది, న్యూట్రాన్‌ది కాదు.

ఈ సంగతి చాలా త్వరగా తెలిసింది. 1938 చివర్లో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ విచ్ఛిత్తిని కనిపెడితే, 1939లోనే వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో రాబర్ట్స్, మేయర్, వాంగ్ ఆలస్య న్యూట్రాన్లను చూశారు. ఇలా న్యూట్రాన్లు ఇచ్చే కేంద్రకాలు చాలా ఉన్నా, అర్ధాయువును బట్టి వాటిని ఆరు గుంపులుగా చేసి లెక్కలు వేసుకుంటాం. అన్నిటికంటే నెమ్మదైన గుంపు అర్ధాయువు 55 సెకన్లు, అన్నిటికంటే వేగమైనదానిది 0.2 సెకన్లు. 1957లో ఆ అంకెల్ని జాగ్రత్తగా కొలిచి పెట్టింది అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో కీపిన్ బృందం. అదే కీపిన్ తర్వాత 1966లో అక్కడే అణు పదార్థాల లెక్కలు చూసే పరిశోధన విభాగాన్ని మొదలుపెట్టాడు. మనం మాట్లాడుకునే పద్ధతిలో సగం ఆ దారినే వచ్చింది.

ప్రశ్న: నేను సైన్సు చదువుకోలేదండీ, అకౌంట్స్ మనిషిని. ఒక మైక్రోగ్రాము యురేనియాన్ని కూడా కొలవొచ్చని రాశారు. అంత చిన్నది ఎలా లెక్కకొస్తుంది? అంకెలతో చెప్పగలరా?

అంకెలు అడిగేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ముందు పని ఎలా జరుగుతుందో చెప్పి, తర్వాత అంకెల్లోకి వస్తాను.

శాంపిల్‌ని వేలి గోరంత పాలిథీన్ సీసాలో వేసి, మూతని వేడితో అతికిస్తాం. ఆ సీసాని ఇంకాస్త పెద్ద గొట్టంలో పెడతాం. దాన్ని మేం రాబిట్ అంటాం. గాలి ఒత్తిడితో రాబిట్ ఒక పైపులోంచి జుయ్యిమని రియాక్టర్ కోర్ పక్కకి వెళ్లిపోతుంది. 60 సెకన్లు అక్కడ ఉంచుతాం. మళ్లీ గాలే దాన్ని వెనక్కి తెస్తుంది. 20 సెకన్లు ఆగుతాం. తర్వాత అది కౌంటర్ గుంటలో పడుతుంది. గుంట చుట్టూ పాలిథీన్ దిమ్మె, కొన్నిచోట్ల మైనం ఉంటుంది. ఆ దిమ్మెలో గుండ్రంగా హీలియం-3 వాయువు నింపిన గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. పాలిథీన్‌లోని హైడ్రోజన్ న్యూట్రాన్‌ని నెమ్మదింపజేస్తుంది, నెమ్మదించిన దాన్ని హీలియం-3 పట్టేస్తుంది. పట్టిన ప్రతిసారీ 764 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలై గొట్టంలో ఒక విద్యుత్ పల్స్ వస్తుంది. గామా కిరణాలు ఇచ్చే పల్స్ దీనికంటే చాలా చిన్నది. ఒక గీత పెట్టి, దాని కిందివన్నీ వదిలేస్తాం. ఇంకో 60 సెకన్లు ఇలా లెక్కపెడితే పని అయిపోయినట్టే.

ఇక అంకెలు. సహజ యురేనియంలో 235 రకం 0.72 శాతం. ఒక మైక్రోగ్రాములో దాని పరమాణువులు సుమారు 18 లక్షల కోట్లు. చదరపు సెంటీమీటరుకి సెకనుకి లక్ష కోట్ల న్యూట్రాన్లు దాటిపోయే చోట వీటిని పెడితే, సెకనుకి దాదాపు 10,600 విచ్ఛిత్తులు జరుగుతాయి. నిమిషానికి దాదాపు ఆరున్నర లక్షలు. వాటి నుంచి రావలసిన ఆలస్య న్యూట్రాన్లు 10 వేల పైచిలుకు. వాటిలో చాలా భాగం రియాక్టర్‌లో ఉండగానే వచ్చేస్తాయి, మరికొన్ని ఆ 20 సెకన్లలో పోతాయి. మనం లెక్కపెట్టే నిమిషంలో వచ్చేవి సుమారు 600. గొట్టాలు నూటికి 30 పట్టుకుంటాయనుకుంటే తెర మీద కనిపించేది 180.

ఆరున్నర లక్షలతో మొదలై 180కి దిగాం కదా, ఇంత నష్టమెందుకు అంటారేమో. మీ వృత్తిలో అది పెద్ద తేడాయే. ఇక్కడ మాత్రం ఆ 180 ఎంత శుభ్రంగా ఉందన్నదే ముఖ్యం. రియాక్టర్‌లోంచి వచ్చిన సీసా బీటా, గామా కిరణాలతో మండిపోతూ ఉంటుంది. సోడియం, అల్యూమినియం, క్లోరిన్, మాంగనీసు, ఏది ఉంటే అది రేడియోధార్మికమై కూర్చుంటుంది. వాటిలో ఏదీ న్యూట్రాన్ ఇవ్వదు. బయటికొచ్చి 20 సెకన్లయ్యాక కూడా ఒక వస్తువు న్యూట్రాన్లు ఇస్తోందంటే, అందులో ఏదో పగిలిందన్నమాటే. యాసిడ్‌లో కరిగించడం, వేరుచేయడం, ఆరబెట్టడం ఏవీ అక్కర్లేకుండా మట్టిని మట్టిగానే, బూడిదని బూడిదగానే మూడు నిమిషాల్లోపు కొలిచేయగలుగుతున్నామంటే కారణం ఇదే. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవమంతా ఈ శుభ్రత వల్లే.

అయితే 180కి దాని వర్గమూలమంత, అంటే 13 దాకా, సహజమైన ఊగిసలాట ఉంటుంది. అది ఏడు శాతం పైనే. తగ్గించాలంటే ఎక్కువ శాంపిల్ వేయాలి, లేదా అదే సీసాని మళ్లీ మళ్లీ పంపాలి.

ఇంకొక్క మాట. పై లెక్కని కాగితం మీద చూసుకోవడానికి వేశాను గానీ, నిజంగా కొలిచేటప్పుడు అలా ఎవరూ లెక్కగట్టరు. యురేనియం ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్‌ని అదే సీసాలో, అదే ఎత్తున నింపి, అదే సమయాలతో పంపి, ఆ కౌంట్లతో పోలుస్తాం. ఖాళీ సీసానీ పంపిస్తాం, పాలిథీన్‌లోనూ లేశమాత్రం యురేనియం ఉండొచ్చు కనుక. కొత్తగా చేరినవాళ్ల చేత నేను మొదటిరోజంతా ఖాళీ సీసాలే పంపించేవాణ్ని. కొందరికి విసుగొచ్చేది. కానీ ఖాళీ సీసా అంకె తెలియకుండా శాంపిల్ అంకె చెప్పకూడదు.

ప్రశ్న: ఆ 20 సెకన్లు ఎందుకు వృథా చేయడం? వెంటనే లెక్కపెడితే ఎక్కువ న్యూట్రాన్లు దొరుకుతాయి కదా?

దొరుకుతాయి, కానీ వాటిలో దొంగవీ ఉంటాయి. విచ్ఛిత్తి లేకుండా ఆలస్య న్యూట్రాన్లు ఇచ్చేవి దాదాపు లేవు, ఒకటి రెండు తప్ప. వాటిలో ముఖ్యమైనది నైట్రోజన్-17. ఆక్సిజన్-17 మీద బాగా వేగమున్న న్యూట్రాన్ తగిలితే అది పుడుతుంది. నీటిలో, మట్టిలో, రాతిలో ఆక్సిజన్‌కి కొదవేముంది! దాని అర్ధాయువు 4.17 సెకన్లు. 20 సెకన్లు ఆగితే నాలుగు శాతం లోపుకి, 30 సెకన్లు ఆగితే ఒక శాతం లోపుకి దిగిపోతుంది. శాంపిల్ మరీ వేడిగా వస్తే గామా పల్స్‌లు ఒకదానిమీద ఒకటి పడి గీత దాటేసే ప్రమాదమూ ఉంది. దానికీ ఈ విరామం మంచిదే.

శాంపిల్‌లో బెరీలియం గానీ, భారజలం గానీ ఉంటే మాత్రం విరామం ఒక్కటీ చాలదు. గామా కిరణాలే వాటిలోంచి న్యూట్రాన్లను తన్ని బయటికి పంపుతాయి. అలాంటి శాంపిల్ వస్తోందని ముందే చెప్పమని పంపేవాళ్లని అడగాలి.

ప్రశ్న: కొలిచాక శాంపిల్ పాడైపోతుందా?

లేదు. పై ఉదాహరణలో పగిలేది సుమారు రెండు కోట్ల 85 లక్షల యురేనియం-235 పరమాణువుల్లో ఒకటి. ఏ త్రాసుకీ ఆ తేడా అందదు. ఆలస్య న్యూట్రాన్లు కొన్ని నిమిషాల్లో ఆగిపోతాయి, సోడియం లాంటివి చల్లారడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా సీసం వెనక ఉంచి, తర్వాత కావాలంటే వేరే పరీక్షకి ఇచ్చేయొచ్చు.

ప్రశ్న: నేను భూగర్భ సర్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా రాళ్లలో యురేనియంతో పాటు థోరియం కూడా ఉండేది. ఇది రెండిటినీ కలిపేయదా?

చూసి చూసి సరైన చోట పట్టుకున్నారు. రాళ్లకి ఈ పద్ధతి పెట్టింది పేరు. 1970లలో అమెరికా తన యురేనియం వనరులు వెతికినప్పుడు లాస్ అలమోస్‌లోని ఒమేగా వెస్ట్ రియాక్టర్‌లో వాగుల మట్టిని రాశులకొద్దీ ఇలాగే కొలిచారు. మామూలు గ్రానైటు ఒక గ్రాములో యురేనియం నాలుగు మైక్రోగ్రాములు ఉంటుందనుకోండి. పైన వేసిన లెక్కన 720 కౌంట్లు, ఊగిసలాట నాలుగు శాతం లోపు. రాయిని పొడిచేయడం తప్ప వేరే శ్రమ లేదు.

థోరియం సంగతికొస్తే, నెమ్మది న్యూట్రాన్లు థోరియం-232ని పగలగొట్టలేవు. యురేనియం-238దీ అంతే. వేగమైనవి పగలగొడతాయి. ఏ రియాక్టర్‌లోనైనా కోర్ పక్కన వేగమైన న్యూట్రాన్లు కొన్ని ఉండనే ఉంటాయి. పైగా థోరియం పగిలితే ఆలస్య న్యూట్రాన్లు దండిగా ఇస్తుంది, వంద విచ్ఛిత్తులకు ఐదు దాకా. మోనజైటు లాంటి ఖనిజంలో థోరియం బోలెడు, యురేనియం కాస్తే. అక్కడ థోరియం కౌంట్లు యురేనియం వేషం వేసుకుని వస్తాయి.

దీనికి విరుగుడు కాడ్మియం. శాంపిల్‌ని ఒకసారి మామూలుగా, ఇంకోసారి కాడ్మియం రేకు చాటున పంపుతారు. కాడ్మియం అర ఎలక్ట్రాన్ వోల్టు లోపు శక్తి ఉన్న న్యూట్రాన్లన్నిటినీ మింగేస్తుంది. మొదటిసారి వచ్చే కౌంట్లలో యురేనియం-235దే పైచేయి. రెండోసారి దాని వాటా బాగా పడిపోయి థోరియం వాటా అలాగే నిలుస్తుంది. రెండు కొలతలు, తెలియనివి రెండు. లెక్క తేలిపోతుంది. థోరియం అంకెలో మాత్రం యురేనియం అంకెలో ఉన్నంత నికరం ఆశించకండి.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి. మేం నిజంగా కొలిచేది 235 రకాన్నే. మొత్తం యురేనియం చెప్పడానికి సహజ నిష్పత్తితో హెచ్చిస్తాం. భూమ్మీది రాళ్లలో ఆ నిష్పత్తి దాదాపు మారదు. గాబన్ దేశంలోని ఓక్లో గని ఒక్కటే పెద్ద మినహాయింపు. అక్కడ సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట ఖనిజంలోనే సహజంగా రియాక్టర్లు నడిచి 235 రకాన్ని ఖర్చు చేసేశాయి. 1972లో 0.720 ఉండాల్సిన చోట 0.717 కనబడటంతో ఆ సంగతి బయటపడింది. ఓక్లో రాయిని ఈ పద్ధతితో కొలిచి సహజ నిష్పత్తితో హెచ్చిస్తే మొత్తం యురేనియం తక్కువగా వస్తుంది.

ప్రశ్న: సీసాలో పట్టేది సరే. 200 లీటర్ల వ్యర్థాల పీపాలో యురేనియం ఎంతుందో ఎలా తెలుస్తుంది? పీపాని రియాక్టర్‌లోకి పంపలేరుగా!

పంపలేం కాబట్టి న్యూట్రాన్లనే పీపా దగ్గరికి తెస్తారు. కాలిఫోర్నియం-252 దానంతటదే పగిలే మూలకం. ఒక్క మైక్రోగ్రాము సెకనుకి 23 లక్షల న్యూట్రాన్లు ఇస్తుంది. అలాంటివి వందల మైక్రోగ్రాములు ఒక చిన్న గుళికలో పెట్టి, దాన్ని తీగకి బిగిస్తారు. మోటారు ఆ గుళికని కవచంలోంచి తెచ్చి పీపా పక్కన కొన్ని సెకన్లు నిలబెడుతుంది, చటుక్కున వెనక్కి లాగేస్తుంది. గుళిక కవచంలోకి పోగానే పీపా చుట్టూ ఉన్న గొట్టాలు ఆలస్య న్యూట్రాన్లని లెక్కపెడతాయి. మళ్లీ గుళిక వస్తుంది, మళ్లీ పోతుంది. పీపా మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఇలా అనేకసార్లు చేసి కౌంట్లన్నీ కూడతారు. ఈ యంత్రాన్ని షఫ్లర్ అంటారు, ఇది కూడా లాస్ అలమోస్‌లో పెరిగిందే.

ఇక్కడ కష్టమంతా పీపాలో యురేనియంతో పాటు ఏముందన్నదే. తడి గుడ్డలు, ప్లాస్టిక్ ఉంటే వాటి హైడ్రోజన్ న్యూట్రాన్లని నెమ్మదింపజేస్తుంది. యురేనియం ఎక్కువ పగిలి కౌంట్లు పెరుగుతాయి. మరీ ఎక్కువ తడి అయితే వచ్చిన న్యూట్రాన్లు బయటపడక తగ్గుతాయి. బోరాన్ ఉందంటే అది సగం దారిలోనే మింగేస్తుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ముద్ద. యురేనియం-235 లోహంలో నెమ్మది న్యూట్రాన్ సగటున 0.3 మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి వెళ్లగలదు. ఆపైన ఉన్నదంతా పై పొర నీడలో ఉండిపోతుంది. పది గ్రాములు పొడిగా చల్లి ఉంటే ఒక అంకె, అదే పది గ్రాములు ఒక్క ముద్దగా ఉంటే చాలా చిన్న అంకె. అందుకే లోహపు ముక్కలున్నాయని అనుమానముంటే న్యూట్రాన్లని నెమ్మదించనివ్వకుండా వేగంగానే పంపాలి. పీపా మీద చీటీలో 'పొడి' అని రాసుందా 'ముక్కలు' అని రాసుందా అన్నది కౌంటర్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఆ చీటీ లేని పీపా అంకెని నేను ఎప్పుడూ నమ్మలేదు.

ప్రశ్న: తనిఖీ అధికారులు ఈ పద్ధతితో బాంబు సరుకుని పట్టుకోగలరా? యురేనియమో ప్లుటోనియమో తేడా తెలుస్తుందా?

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కలో ముఖ్యమైన పరిమాణాలు ఇవి: ప్లుటోనియం 8 కిలోలు, 20 శాతానికి పైగా శుద్ధి చేసిన యురేనియంలోని 235 రకం 25 కిలోలు. అంత సరుకు కళ్లబడకుండా దాచగలిగినా, అది పట్టుకున్న చేతులు, గోడలు, బల్లలు దాని ధూళిని దాచలేవు. తనిఖీకి వెళ్లినవాళ్లు పది సెంటీమీటర్ల చదరపు నూలుగుడ్డతో అక్కడక్కడా తుడిచి తెస్తారు. అమెరికాలో ఓక్‌రిడ్జ్‌లోని హై ఫ్లక్స్ రియాక్టర్ లాంటి చోట అలాంటి గుడ్డ మీద పదుల పికోగ్రాముల యురేనియం-235 కూడా కనిపిస్తుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఏ గుడ్డ మీద ఎక్కువ సమయం పెట్టాలో తేల్చుకోవడానికి ఇంతకంటే చురుకైన జల్లెడ లేదు.

శుద్ధి స్థాయి తెలియాలంటే 235 ఒక్కటీ చాలదు, 238 కూడా కావాలి. అదే సీసాలో 238 రకం న్యూట్రాన్‌ని పట్టుకుని, చివరికి నెప్ట్యూనియం-239గా మారుతుంది. దాని అర్ధాయువు 2.36 రోజులు. దాని గామా కిరణాలని తీరిగ్గా కొలవొచ్చు. న్యూట్రాన్లు 235ని, గామాలు 238ని చెబితే నిష్పత్తి దొరికినట్టే.

ప్లుటోనియం-239 దగ్గరే అసలు చిక్కు. అది నెమ్మది న్యూట్రాన్లకి 235 కన్నా తేలిగ్గా పగులుతుంది గానీ, వంద విచ్ఛిత్తులకి ఇచ్చే ఆలస్య న్యూట్రాన్లు ఒకటి కూడా ఉండవు, 0.6 చిల్లర. మొత్తమ్మీద గ్రాముకి గ్రాము చూస్తే, మనం వాడిన సమయాలతో అది 235 ఇచ్చే కౌంట్లలో సగానికి కాస్త పైన ఇస్తుంది. కాబట్టి తెర మీద 180 అన్న అంకె ఒక మైక్రోగ్రాము సహజ యురేనియందీ కావొచ్చు, అంతకంటే ఎంతో చిన్న ప్లుటోనియం రేణువుదీ కావొచ్చు. ఒక్క మొత్తం అంకె చూసి రెండిటినీ విడదీయడం కుదరదు.

కౌంట్లు ఎలా తగ్గుతున్నాయో సెకను సెకనుకీ రాసుకుంటే కొంత దారి దొరుకుతుంది. ఆరు గుంపుల వాటాలు రెండిటికీ ఒకటి కావు. 22 సెకన్ల గుంపు వాటా 235లో 22 శాతమైతే ప్లుటోనియంలో 30 దాకా ఉంటుంది. అంటే ప్లుటోనియం వంపు కాస్త నెమ్మదిగా దిగుతుంది. కెనడాలో కింగ్‌స్టన్‌లోని రాయల్ మిలిటరీ కాలేజీ వాళ్లు స్లోపోక్-2 అనే చిన్న రియాక్టర్‌తో ఈ వంపుల్ని బట్టి యురేనియం-233, యురేనియం-235, ప్లుటోనియం-239 మిశ్రమాలని విడదీసే పని చేశారు. కౌంట్లు వేలల్లో ఉంటే అది బాగా పనిచేస్తుంది. వందల్లో ఉన్నప్పుడు రెండు వంపుల మధ్య తేడా ఊగిసలాటలోనే కలిసిపోతుంది.

అందుకే మా గదిలో ప్లుటోనియం అవకాశమున్న శాంపిల్ నివేదికలో 'యురేనియం-235 ఇంత' అని రాయనిచ్చేవాణ్ని కాదు, 'యురేనియం-235కి సమానంగా ఇంత' అని రాయించేవాణ్ని. ఆ సీసాలోదాన్ని రసాయన పద్ధతిలో విడదీసి, పరమాణువుల్ని బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టాకే ఏది ఎంతో తేల్చి చెప్పేవాళ్లం. దానికి వారాలు పట్టినా సరే.